సగం మాట చేసే నష్టం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద మేము చెప్పేది ఒకటే. ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, ఎంతమంది పాసయ్యారు, వచ్చే ఏడాదికి ఎంత కావాలి అని. ఆ లెక్కలు కార్యదర్శిగారు ఇప్పుడే చదివి వినిపించారు కాబట్టి మళ్ళీ చెప్పం. ఈసారి డబ్బు గురించి కాకుండా మాట గురించి మాట్లాడదామని వచ్చాం. డబ్బు అమానత్ అని మనందరికీ తెలుసు. ఎదుటివాడి మాట కూడా మన దగ్గర అమానతే అన్న సంగతి నిరుడు మాకు గట్టిగా తెలిసొచ్చింది.

జరిగింది మీలో చాలామందికి తెలుసు. అయితే తలా ఒక ముక్క తెలుసు. ఇవాళ మొదటినుంచి చెబుతాం. అందులో మా తప్పులు కూడా ఉన్నాయి, అవీ చెబుతాం.

నిరుడు దసరా సెలవులయ్యాక ఒక ఆదివారం అసర్ నమాజు తర్వాత విద్యా కమిటీ కూర్చుంది. ఇంటర్, డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లల రెండో విడత ఫీజులు కట్టాల్సిన సమయం అది. కొందరు పిల్లల హాజరు బాగా తక్కువగా ఉందని కాలేజీలనుంచి తెలిసింది. అప్పుడు మేము అన్న మాట ఇది: "కాలేజీకి సరిగా వెళ్ళని పిల్లల ఫీజు ఈ నెల కట్టొద్దు. ముందు మనం ముగ్గురం వాళ్ళ ఇళ్ళకు వెళ్దాం. ఎందుకు వెళ్ళలేకపోతున్నారో కనుక్కుందాం. అవసరమైతే ఫీజుతోపాటు బస్సు పాసుకి కూడా ఇద్దాం."

ఇందులో నాలుగు వాక్యాలున్నాయి. ఎవరో ఫోన్లో రికార్డు చేశారు. బయటికి వెళ్ళిన ముక్కలో మొదటి వాక్యమే ఉంది. మిగతా మూడూ లేవు.

ఆ సాయంత్రానికి మన సంఘం వాట్సాప్ గ్రూపులో "విద్యా కమిటీ పేదపిల్లల ఫీజు కట్టొద్దంటోంది" అని వచ్చింది. మర్నాటికి ఇంకో గ్రూపులో "ఆడపిల్లల ఫీజులు ఆపేశారట" అని తిరిగింది. మూడో రోజుకి "జకాత్ డబ్బు బ్యాంకులో వేసుకుని వడ్డీ తింటున్నారట" అనేదాకా పోయింది. పాతికేళ్ళకు పైగా బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవురోజుల్లో దరఖాస్తులు చూసుకుంటూ ఉన్న మా ముగ్గురికీ ఆ మూడో మాట చూసినప్పుడు అన్నం సయించలేదు.

ఉపాధ్యాయులం కాబట్టి, ఇది ఎలా జరుగుతుందో ముందు చెప్పుకుందాం. ఒకసారి ఏడో తరగతిలో ఆట ఆడించాం. మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల చెవిలో "రేపు రెండో పీరియడుకి లెక్కల నోటుపుస్తకం తెచ్చుకోండి" అని చెప్పాం. చెవినుంచి చెవికి వెళ్ళి చివరి బెంచీకి చేరేసరికి అది "రేపు రెండు పీరియడ్లే, లెక్కలు లేవు" అయింది. క్లాసంతా ఒకటే నవ్వు. గమనించండి, ఆ పిల్లల్లో ఒక్కరు కూడా అబద్ధం చెప్పాలనుకోలేదు. చెవికి అందని చోట తమకు ఇష్టమైనది పెట్టుకున్నారు, అంతే.

బీఈడీలో మేము చదువుకున్న విషయమే ఇది. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక కథను మనిషినుంచి మనిషికి చెప్పించి, అది ఎలా మారిపోతుందో 1932లో అచ్చయిన తన పుస్తకంలో చూపించాడు. తర్వాత 1947లో ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు పుకార్ల మీద ఒక పుస్తకం రాశారు. పుకారుకు మూడు పనులు జరుగుతాయన్నారు. ఒకటి, వివరాలు రాలిపోయి మాట పొట్టిదవుతుంది. రెండు, మిగిలిన ముక్క పదునెక్కుతుంది. మూడు, వినేవాడికి ముందే ఉన్న భయాలకూ అనుమానాలకూ తగ్గట్టు రూపం మారుతుంది.

మా విషయంలో ఈ మూడూ వరసగా జరిగాయి. నాలుగు వాక్యాలు ఒకటయ్యాయి. అది ఆడపిల్లల మీదికి మళ్ళి పదునెక్కింది. చివరికి సంఘాల డబ్బు మీద జనంలో ఎప్పుడూ ఉండే అనుమానంలోకి వెళ్ళి కూర్చుంది. ఏడో తరగతికీ ఫోనుకీ ఒకటే తేడా. తరగతిలో ఆట అయిపోయాక మొదటి పిల్లను లేపి అసలు మాటేమిటో అడుగుతాం. ఫోన్లో ఆ మొదటి మనిషి దగ్గరికి ఎవరూ వెళ్ళరు. పుకార్ల వల్ల మన దేశంలో ప్రాణాలే పోయాక, 2018లో వాట్సాప్ సంస్థ ఇక్కడ ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. చాలా చేతులు మారి వచ్చిన సందేశం మీద ఇప్పుడు జంట బాణాల గుర్తు కూడా కనిపిస్తుంది. ఆ గుర్తు మన కళ్ళ ముందే ఉంటుంది. అయినా మన వేలు ఆగదు.

ఇలాంటిది ఫోన్లు పుట్టాక వచ్చిన జబ్బు అనుకోకండి. మదీనాలో ఒక రాత్రి హజ్రత్ ఉమర్ (రజి) ఇంటి తలుపు ఆయన పొరుగున ఉండే అన్సారీ గట్టిగా కొట్టారు. దైవప్రవక్త (స) తమ సతీమణులకు తలాక్ ఇచ్చేశారని చెప్పారు. ఉమర్ (రజి) వెళ్ళేసరికి జనం మస్జిదులో కూర్చుని దుఃఖపడుతున్నారు. ఆయన అక్కడ వాళ్ళతోపాటు కూర్చుండిపోలేదు. దైవప్రవక్త (స) ఉన్న మేడగది దగ్గరికి వెళ్ళారు. లోపలికి రావడానికి అనుమతి అడిగారు. వెంటనే దొరకలేదు, మళ్ళీ మళ్ళీ అడిగారు. లోపలికి వెళ్ళాక సూటిగా అడిగారు, తలాక్ ఇచ్చారా అని. లేదని జవాబు వచ్చింది. జరిగిందల్లా ఆయన కొన్నాళ్ళు భార్యలకు దూరంగా ఉండటమే. అప్పుడు ఉమర్ (రజి) మస్జిదు గుమ్మం దగ్గర నిలబడి, అలాంటిదేమీ లేదని అందరికీ వినబడేలా ప్రకటించారు.

ఇందులో మనకు కావలసిన పాఠమంతా ఉంది. కబురు తెచ్చిన అన్సారీ చెడ్డవారు కాదు. దూరంగా ఉండటం నిజం, తలాక్ అన్నది ఊహ. నిజానికీ ఊహకీ మధ్య గీత చెరిగిపోయింది. ఆ గీత మళ్ళీ గీయడానికి ఒక మనిషి లేచి, నడిచి వెళ్ళి, అడగాల్సి వచ్చింది.

మా సంగతికి వస్తే, అలా లేచి వెళ్ళినవాళ్ళు లేకపోయారు. మేమూ వెళ్ళలేదు. ఇక్కడినుంచి మా తప్పులు మొదలవుతాయి.

మొదటి తప్పు. మా మీద వచ్చిన మాటలన్నిటికీ గ్రూపుల్లో జవాబులు రాస్తూ కూర్చున్నాం. ఒకరికి జవాబిస్తే ఇద్దరు లేచేవారు. రాత్రి పన్నెండింటిదాకా ఫోన్ చేతిలోనే. పిల్లల ఇళ్ళకు వెళ్దామని మేమే అనుకున్న పని దాదాపు మూడు వారాలు వాయిదా పడింది. ఫీజులు ఆపారు అన్న మాట అబద్ధమని వాదించడంలో మునిగిపోయి, ఆ మాటను మేమే నిజం చేస్తున్నామని గ్రహించలేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. మొదట ఆ ముక్కను గ్రూపులో పెట్టింది మన దాతల్లో ఒకరు. బజారులో చిన్న దుకాణం. నెలనెలా తప్పకుండా చందా ఇచ్చే మనిషి. ఆయన పేరు వినగానే మాలో ఒకరికి గుర్తొచ్చింది, ఆ ఏడాది ఆయన బంధువుల అబ్బాయి దరఖాస్తును మేము తీసుకోలేదని. "అందుకే ఆయనకు మా మీద కడుపుమంట" అని ఫోన్లో నలుగురైదుగురితో అన్నాం. గ్రూపులో రాయలేదు కాబట్టి తప్పు కాదనుకున్నాం. అది మర్నాటికల్లా ఆయన చెవికి చేరింది. ఆయన గ్రూపులోనుంచి వెళ్ళిపోయారు. జుమాకి కూడా వేరే మస్జిదుకి వెళ్తున్నారని విన్నాం.

చివరికి మేము వెళ్ళింది ముందు ఒక విద్యార్థిని ఇంటికి. ఇంటర్ రెండో సంవత్సరం. తండ్రి లేడు. తల్లి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. కాలు విరిగి ఆమె మంచాన పడటంతో, ఇల్లూ తమ్ముడూ ఈ పిల్ల మీద పడ్డాయి. హాజరు తగ్గింది అందుకు. మేము గడపలో అడుగు పెట్టగానే ఆ తల్లి అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. "మీరే కట్టొద్దన్నారంట గదా సార్. కాలేజీ ఫీజే కట్టనోళ్ళు పరీక్ష ఫీజు మాత్రం ఎవరు కడతారని ఊరుకున్నాం."

పరీక్ష ఫీజు గడువు అప్పటికి దాటిపోయింది. అపరాధ రుసుంతో కట్టడానికి ఇంకా కొద్దిరోజులే ఉన్నాయి. ఆ సాయంత్రమే కట్టే ఏర్పాటు చేశాం. ఆ అపరాధ రుసుం జకాత్ డబ్బులోంచి తీయలేదు. అపరాధం మాది కాబట్టి మా ముగ్గురి జేబుల్లోంచి వేసుకున్నాం. అల్‌హమ్దులిల్లాహ్, ఆ అమ్మాయి పరీక్ష రాసింది, పాసయింది. కానీ ఇంకొక్క వారం మేము ఫోన్లోనే యుద్ధం చేస్తూ కూర్చుని ఉంటే ఒక ఏడాది చదువు పోయేది. మా పరువు కాపాడుకునే తొందరలో ఆ పిల్లను మరిచిపోయాం.

అక్కడినుంచి నేరుగా ఆ దాతగారి దుకాణానికి వెళ్ళాం. ఆయన ఏమీ అనకుండా ఫోన్ తీసి, తాను మొదట పెట్టిన సందేశం చూపించారు. అందులో ఇలా ఉంది: "కాలేజీకి వెళ్ళని పిల్లల ఫీజు కట్టొద్దన్నారా? నిజమేనా సార్? తెలిసినవాళ్ళు చెప్పండి."

ఆయన అడిగింది ప్రశ్న. ఎవరో దాన్ని ఎత్తి రాసుకునేటప్పుడు ప్రశ్నార్థకం ఎగిరిపోయింది. ప్రశ్న కాస్తా ఆరోపణ అయి, ఆయన పేరుతోనే మా దగ్గరికి వచ్చింది. మా మాట సగానికి కోశారని రోజుల తరబడి బాధపడ్డాం. ఆయన మాటకూ అదే గతి పట్టిందని మాకు తట్టలేదు. పైగా ఆయన మనసులో ఏముందో మేమే చెప్పేశాం. దాన్ని ఏమంటారో మనకు తెలుసు. ఒకరిలో ఉన్న లోపాన్ని వాళ్ళ వెనక చెబితే గీబత్, లేనిదాన్ని అంటగడితే బుహ్తాన్ అని దైవప్రవక్త (స) విడమరచి చెప్పారు. మేము చేసింది రెండోది. ఆ దుకాణంలోనే ఆయన్ని క్షమించమని అడిగాం. "రెండు గ్లాసుల టీ తాగి వెళ్ళండి సార్" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

దాతలారా, ఇక మీకు చెప్పాల్సిన మాట. ఆ నెల కొందరు చందా ఆపేశారు. మేము నిష్ఠూరంగా అనడం లేదు. అనుమానం వచ్చినప్పుడు చెయ్యి వెనక్కి పోవడం సహజం. కానీ ఒక సంఘటన గుర్తు చేస్తాం. బనూ ముస్తలిఖ్ దండయాత్రనుంచి తిరిగి వస్తుండగా హజ్రత్ ఆయిషా (రజి) మీద కపటులు వేసిన నింద మీకు తెలిసిందే. దాదాపు నెలరోజులు ఆ మాట మదీనాలో తిరిగింది. నోటిమాటగా దాన్ని పట్టుకు తిరిగినవారిలో మిస్తహ్ (రజి) కూడా ఉన్నారు. ఆయన హజ్రత్ అబూబక్ర్ (రజి)కి బంధువు, పేదవారు. అబూబక్ర్ (రజి) ఇచ్చే సహాయంతోనే ఆయనకు గడిచేది. ఆయిషా (రజి) నిర్దోషి అని నూర్ సూరాలో అవతరించాక, ఇక మిస్తహ్‌కి ఏమీ ఇవ్వనని అబూబక్ర్ (రజి) ఒట్టు పెట్టుకున్నారు. కన్నకూతురి మీద నింద మోసినవాడికి అన్నం పెట్టనంటే ఏ తండ్రిని తప్పు పడతాం? అయినా ఆ సూరాలోనే 22వ ఆయత్ అవతరించింది. కలిగినవారు బంధువులకూ పేదలకూ ఇవ్వబోమని ఒట్టు పెట్టుకోకూడదని, క్షమించి వదిలేయాలని దాని భావం. అబూబక్ర్ (రజి) వెంటనే సహాయాన్ని తిరిగి మొదలుపెట్టారు.

అక్కడ సహాయం ఆగబోయింది నిజంగా తప్పు చేసిన మనిషికి. ఇక్కడ చందా ఆగితే తగిలేది ఏ తప్పూ చేయని పిల్లకు. మా మీద అనుమానం ఉంటే మమ్మల్ని నిలబెట్టి అడగండి. మీకు ఆ హక్కుంది. మా దుకాణదారు భాయ్ అడిగినట్టు ప్రశ్నగా అడగండి. జవాబు వచ్చేదాకా పిల్లల డబ్బు మాత్రం ఆపకండి.

అడిగేదాకా ఎందుకు ఉండాలి, ముందే చెప్పొచ్చు గదా అని మీరు అనొచ్చు. నిజమే. దైవప్రవక్త (స) ఒక రాత్రి మస్జిదులో ఏతికాఫ్‌లో ఉండగా హజ్రత్ సఫియ్యా (రజి) చూడటానికి వచ్చారు. ఆమెను సాగనంపుతున్నప్పుడు ఇద్దరు అన్సారీలు చూసి గబగబా నడవబోయారు. ఆయన వాళ్ళను ఆపి, ఈమె సఫియ్యా అని తానే చెప్పారు. వాళ్ళు నొచ్చుకున్నా, మనసులో సందేహం పుట్టకూడదని చెప్పారు. అంతటి మహనీయులే అడగకముందే వివరణ ఇచ్చారు. మేము ఆ పని చేయలేదు. హాజరు నియమం ఎక్కడా రాసి పెట్టలేదు, మా ముగ్గురి బుర్రల్లోనే ఉంచుకున్నాం. ఇది మా మూడో తప్పు.

అందుకే ఈ ఏడాది కొన్ని మార్పులు చేశాం. సహాయం ఎవరికి, ఎప్పుడు, ఏ నియమాల మీద ఇస్తామో తెలుగులో, ఉర్దూలో రాసి ఆఫీసు గోడకు అంటించాం. కమిటీ నిర్ణయాలను అదే రోజు కాగితం మీద పెట్టి, తేదీ వేసి, ముగ్గురం సంతకం చేసి గ్రూపులో పెడుతున్నాం. ప్రకటనల గ్రూపులో బాధ్యులు మాత్రమే రాస్తారు. చర్చకు వేరే గ్రూపు ఉంది, అందులో ఎవరైనా ఏదైనా అడగొచ్చు. సహాయం పొందే పిల్లల పేర్లూ ఫోటోలూ ఏ గ్రూపులోనూ పెట్టం. లెక్కల పుస్తకం ప్రతి నెలా మొదటి ఆదివారం ఎవరు వచ్చినా చూపిస్తున్నాం.

చివరగా, ఇలాంటి ఇబ్బంది రేపు మీలో ఎవరికైనా రావచ్చు. సంఘం గ్రూపులోనే రావాలని లేదు. బంధువుల గ్రూపులో, అపార్టుమెంటు గ్రూపులో, ఆఫీసు గ్రూపులో, ఎక్కడైనా సరే. మేము దెబ్బ తిని నేర్చుకున్నది చెబుతాం.

మీ మాటను వక్రీకరించారని తెలిసిన క్షణాన జవాబు రాయకండి. ఒక నమాజు వేళ దాటనివ్వండి. రాసిన మనిషికి నేరుగా ఫోన్ చేయండి, వీలైతే ఇంటికే వెళ్ళండి. తాను ఏమి రాశాడో, ఏమి విన్నాడో చూపించమనండి. ఆ తర్వాత ఏ గ్రూపులో మాట పాడైందో ఆ గ్రూపులోనే, మీరు అన్నది మొదటినుంచి చివరిదాకా, ఒకే ఒక్కసారి, తిట్టు లేకుండా రాయండి. మీ మాటలో నిజంగా పొరపాటుంటే అదే చోట ఒప్పుకోండి. ఆ పైన వాదనకు దిగకండి. నమ్మేవాళ్ళకు ఒక్కసారి చాలు. నమ్మనివాళ్ళ కోసం వందసార్లు రాసినా మీ చేతిలోని పని పాడవడమే మిగులుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అవతలివాడి ఉద్దేశం ఇదీ అని మీరు తీర్పు చెప్పకండి. మాట కనిపిస్తుంది కాబట్టి మాట గురించి అడగొచ్చు. మనసు అల్లాహ్‌కే తెలుసు.

మీ ఫోనుకు వచ్చే ప్రతి మాట విషయంలోనూ ఆ ఏడో తరగతి ఆట గుర్తు పెట్టుకోండి. మీరు చివరి బెంచీలో ఉన్నారు. పక్కవాడికి చెప్పేముందు మొదటి బెంచీదాకా నడవండి. నడిచే తీరిక లేకపోతే ఆ మాట మీ దగ్గరే ఆగిపోనివ్వండి. అదీ ఒక సదఖానే అనుకోండి.

మా దుకాణదారు భాయ్ ఇవాళ ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. ఆయన గురించి నలుగురైదుగురి దగ్గర తప్పుగా మాట్లాడాం కాబట్టి, ఆ తప్పును ఇంతమంది ముందు ఒప్పుకోవడం మా బాధ్యత అనుకున్నాం. ఆ పరీక్ష రాసిన అమ్మాయి కూడా ఇక్కడే ఉంది. డిగ్రీలో చేరింది. ఈ ఏడాది మొదటి విడత ఫీజు గడువుకు ముందే కట్టేశాం.

అల్లాహ్ మన నాలుకలను, మన వేళ్ళను అదుపులో ఉంచుగాక. మన దానాలను స్వీకరించుగాక. మనం నొప్పించినవారి మనసుల్లో మన పట్ల క్షమను కలిగించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.